మరల చూచి చెప్పు తీర్పు

ఓటమి కంటె అన్యాయము మనుష్యుని ఎక్కువగా నొప్పించును. ఓడినవాడు రెండునాళ్ళలో తేరుకొని మరల ఆడుటకు వచ్చును. అన్యాయముగా ఓడింపబడితినని తలచినవాడు ఆటపైననే విసుగు చెందును. ఈ మాట దేశదేశముల పోటీలకు ఎంత చెల్లునో, మన వాకిటిముందు ఆడుబిడ్డలు గీతలు గీచి ఆడు తొక్కుడుబిళ్ళకును అంతే చెల్లును.

తొక్కుడుబిళ్ళలో వచ్చు తగవులను ఒకసారి తలచుకొనుడు. కాలు గీతను తాకినదా, తాకలేదా? బిళ్ళ గడిలో పడినదా, గీతమీద నిలిచినదా? ఇది మొదటి తగవు. గీతమీద నిలిచిన బిళ్ళను పండినదిగా ఎంచవలెనా, పోయినదిగా ఎంచవలెనా? ఇది రెండవది. ఈ తీర్పు చెప్పవలసినది ఎవరు, చెప్పిన పిమ్మట మార్చవచ్చునా, మార్చవచ్చునన్న ఎంతసేపటిలోగా? ఇది మూడవది. మొదటిది కంటికి సంబంధించినది. రెండవది నియమమునకు సంబంధించినది. మూడవది అధికారమునకు సంబంధించినది. నేడు లోకమున పెద్ద పెద్ద ఆటలన్నిటియందును చెలరేగుచున్న వాదములు ఈ మూడింటిలోనే ఇమిడియున్నవి.

కన్నడసీమ సరిహద్దు చేరువను, మదనపల్లెకు సమీపమునను ఉన్న రామసముద్రము వంటి యూళ్ళలో గూడ నేడు టెలివిజను లేని యిల్లు అరుదు. ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆట చూచుచు, అంపైరు వ్రేలెత్తుటకు ముందే తమ తీర్పు తాము చెప్పుదురు. తరువాత అదే బంతిని తెరమీద మెల్లగా, పలువైపులనుండి మరల చూపుదురు. దీనినే రీప్లే యందురు. మైదానములో నిలిచినవానికి కనబడనిది, వందల మైళ్ళ దూరమున పీటమీద కూర్చున్న యిల్లాలికి స్పష్టముగా కనబడుచున్నది. ఇట్టి విచిత్రము ఏర్పడిన పిమ్మట, మొదట చెప్పిన తీర్పే కడపటి తీర్పని పట్టుపట్టుట న్యాయమా యను ప్రశ్న పుట్టక మానదు.

ఈ ప్రశ్న ఎంత బాధతో కూడినదో తెలియుటకు మన తెలుగు బిడ్డ పి. వి. సింధునకు జరిగిన సంగతి చాలును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన ఫిలిప్పీను దేశమున మనీలాయందు ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనలు జరిగెను. సింధునకు ఎదుట నిలిచినది జపాను దేశపు అకానే యమగూచి. మొదటి గేమును సింధు 21-13తో గెలిచెను. రెండవ గేములో 14-11తో ముందున్నది. అట్టి సమయమున, సర్వీసు చేయుటకు మితిమీరిన ఆలస్యము చేయుచున్నావని అంపైరు ఆమెకు శిక్ష విధించి, ఒక పాయింటును ఎదుటిపక్షమునకు ఇచ్చెను. ఎదుటి యామె సిద్ధముగా లేకపోవుటచేతనే తాను ఆగితినని సింధు చెప్పుకొనెను. ప్రధాన రిఫరీ వచ్చినప్పుడు, కనీసము జరిగినదానిని మరల చూచి నిర్ణయింపుడని ప్రార్థించెను. ఆ ప్రార్థన ఫలింపలేదు. ఆ గేము 19-21తోను, మూడవది 16-21తోను ఆమె చేజారిపోయినవి. కాంస్యపతకముతో తృప్తిపడవలసి వచ్చెను.

ఆ యొక్క పాయింటు లేకున్న సింధు నిశ్చయముగా గెలిచియుండునని ఎవరును చెప్పజాలరు. యమగూచి సామాన్యురాలు కాదు, ప్రపంచ విజేత. అయినను గెలుపు దిశగా సాగుచున్న మనస్సు ఒక్క అన్యాయముచేత చెదరుట ఎంత సులభమో మనమెఱుగుదుము. వంట సాగుచుండగా ఎవరో ఒక నిష్ఠురమాట అనిన, చేయి తిరిగిన యిల్లాలికే ఉప్పు ఎక్కువై తక్కువై పోవును గదా!

ఆ సంవత్సరము జూలై మాసమున ఒక వార్త వెలువడెను. ఆసియా బ్యాడ్మింటన్ సంఘపు సాంకేతిక సమితి అధ్యక్షుడు సింధునకు జాబు వ్రాసి, అది మానవసహజమైన పొరబాటని ఒప్పుకొని, క్షమాపణ కోరెను. అట్టిది మరల జరుగకుండ చర్యలు తీసికొంటిమనియు తెలిపెను. కాని ఇప్పుడు దానిని సరిదిద్దుటకు మార్గము లేదనియు అందుననే యున్నది. క్షమాపణ కోరుట గొప్పగుణమే. అయినను ఆ జాబు పోయిన పాయింటును తెచ్చి యీయలేదు. ఆటను మరల ఆడింపలేదు. రెండు నెలల పిమ్మట వచ్చిన న్యాయము న్యాయమునకు నీడ మాత్రమే.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. బ్యాడ్మింటన్‌లో రీప్లే లేకపోలేదు. పెద్ద పోటీలలో షటిల్ గీతకు లోపల పడెనా, వెలుపల పడెనా యను సందేహము కలిగినచో, ఆటగత్తె చేయెత్తి కెమెరా తీర్పును కోరవచ్చును. ఒక్కొక్క పందెమునందు రెండుమార్లు ఆమె అడిగినది తప్పని తేలినచో ఆ హక్కు తీరిపోవును. అయితే ఆ సౌకర్యము గీతలకే పరిమితము. ఆలస్యము చేసినదా, లేదా యనునది గీత కాదు. అది అంపైరు మనస్సునకు తోచిన అభిప్రాయము. కావున గడియారము ఉన్నను, కెమెరా ఉన్నను, సింధు మొర వినుటకు నియమములో తలుపు లేకపోయెను.

ఇట్టి తలుపు లేకపోవుటచేత అమెరికా దేశమున జరిగిన మఱియొక కథ ఇంతకంటె ప్రసిద్ధము. అచ్చటి బేస్‌బాలు అను ఆటను మన తెలుగువారి కుటుంబములు అనేకములు ఆ దేశమున నివసించుచు చూచుచున్నవి. మన పిల్లలకు క్రికెట్టు ఎట్లో వారి పిల్లలకు ఇది అట్లు. ఒకడు బంతి విసరును. వేఱొకడు గుండ్రని కఱ్ఱతో కొట్టి, చతురస్రముగా అమర్చిన నాలుగు స్థానములవైపు పరుగిడును. స్థానమునకు బంతి ముందు చేరినచో వాడు అవుటు; కాలు ముందు చేరినచో నిలిచినట్లే. ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది ఆవృత్తములు, ఆవృత్తమునకు మూడు అవుట్లు, మొత్తము 27. ఒక్కనిని గూడ ఏ స్థానమును చేరనీయక ఈ 27 మందిని వరుసగా పంపివేసినచో దానిని పరిపూర్ణమైన ఆట యని కీర్తింతురు. నూఱేండ్లకు మించిన ఆ ఆట చరిత్రలో ఈ కీర్తి దక్కినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

2010వ సంవత్సరము జూన్ 2వ తేదీన డెట్రాయిటు నగరమున అర్మాండో గలరాగా యను యువకుడు 26 మందిని వరుసగా అవుటు చేసెను. ఇరువదియేడవవాడు కొట్టిన బంతియు వానికంటె ముందే స్థానమును చేరెను. కాని అంపైరు జిమ్ జాయిసు అవుటు కాదని చేతులు చాచెను. రీప్లేలో చూచినవారందఱికిని అది అవుటని తెలిసినది. అయినను ఆనాటి నియమము ప్రకారము రీప్లే చూచుట హోమ్‌రన్ అను పెద్ద దెబ్బకు సంబంధించిన సందేహములకు మాత్రమే చెల్లును. ఆ యేర్పాటును 2008లో చేసిరి. పరుగు సంగతి అంపైరు కంటికే విడువబడినది. ఆట ముగిసిన పిమ్మట జాయిసు చిత్రమును చూచి, తన తప్పును బాహాటముగా ఒప్పుకొని కంట తడిపెట్టెను. గలరాగా ఆయనను నిందింపలేదు. మఱునాడు ఆటగాండ్ర పట్టీని అంపైరు చేతికి ఇచ్చుటకు ఆ యువకుడే మైదానములోనికి నడచివచ్చెను. జాయిసు కన్నీరు తుడుచుకొనుచు దానిని అందుకొనెను. ఇరువురి పెద్దమనసును దేశమంతయు మెచ్చుకొనెను. కాని లెక్కపుస్తకము మెత్తబడలేదు. సంఘాధిపతి ఆ తీర్పును మార్చలేదు. నాటి ఆట నేటికిని పరిపూర్ణమైన ఆటగా ఎక్కలేదు.

ఈ రెండు కథలలోను తప్పు జరిగినది. తప్పు చేసినవారు ఒప్పుకొనిరి. తప్పు మాత్రము నిలిచియే యున్నది. తప్పు చేయుట మానవులకు సహజమని మనము వేదాంతము చెప్పుకొనవచ్చును. దానిని సకాలమున దిద్దుకొనుటకు ఏర్పాటు చేయకుండుట మాత్రము సహజము కాదు, అది అజాగ్రత్త. బేస్‌బాలు పెద్దలు దీనిని గ్రహించి 2014వ సంవత్సరమునుండి అవుటు, పరుగు మొదలగు అనేక విషయములకు రీప్లేను విస్తరింపజేసిరి. విసరిన బంతి సరియైనదా కాదా యను అతి సున్నితమైన విషయమున గూడ యంత్రముచేత విచారించు పద్ధతిని 2026వ సంవత్సరపు ఆటలకు అనుమతింప నిశ్చయించిరి. ఒక్కొక్క పక్షమునకు రెండు అవకాశములు; అడుగువాడు బంతి విసరినవాడో, పట్టినవాడో, కొట్టువాడో కావలెను; బయట కూర్చున్నవారి సైగలు పనికిరావు. అడిగినది నిజమని తేలినచో అవకాశము పోదు.

క్రికెట్టులో ఈ పద్ధతి 2008లో భారత-శ్రీలంకల టెస్టులలో పరీక్షింపబడి, మఱుచటి యేడు స్థిరముగా ప్రవేశపెట్టబడెను. ప్రారంభమున దీనిని సంశయించినవారిలో మన దేశపు క్రికెట్టు పెద్దలే ముందుండిరి. చాల సంవత్సరములు అంగీకరింపరైరి. పురుషుల ఆటకు వచ్చిన పిమ్మట స్త్రీల ఆటకు ఇది చేరుటకు మఱికొంత కాలము పట్టినది. 2017లో ఇంగ్లండున జరిగిన స్త్రీల ప్రపంచకప్పునందు, హైదరాబాదునుండి పైకివచ్చిన మిథాలీ రాజ్ నాయకత్వమున మనవారు ఫైనలు చేరినప్పుడు, టెలివిజనులో చూపబడిన ఆటలకు ఈ సౌకర్యము కలిగెను. కెమెరాలు పెట్టిన ఆటకు ఒక న్యాయము, పెట్టని ఆటకు వేఱొక న్యాయము అన్నమాట! స్త్రీల ఆటపై చూపు తక్కువైనచో న్యాయము గూడ తక్కువయగునని దీనివలన తెలియుచున్నది.

అయితే కెమెరా వచ్చినంత మాత్రమున తగవు తీరునని తలచుట పొరబాటు. 2025వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన కొలంబోలో భారత, పాకిస్తాను స్త్రీల జట్లు ప్రపంచకప్పులో తలపడెను. పాకిస్తాను క్రీడాకారిణి మునీబా అలీ బంతిని కాలికి తగిలించుకొని గీతకు వెలుపల నిలిచియుండగా, దీప్తి శర్మ విసరిన బంతి తిన్నగా వికెట్లను తాకెను. మునీబా అంతకు ముందు బ్యాటును గీతలోపల ఆనించినది. కాని వికెట్లు పడిన క్షణమున అది గాలిలోనికి లేచియున్నది. మూడవ అంపైరు తొలుత అవుటు కాదనెను; మఱికొన్ని చిత్రములను చూచిన మీదట అవుటనెను. పాకిస్తాను నాయకురాలు అభ్యంతరము తెలిపినది. చిత్రము అందఱికిని ఒక్కటే. తగవంతయు నియమము మీదనే. పరుగెత్తుచునో దూకుచునో వచ్చి గీత దాటి బ్యాటు ఆనించినవారికి, ఆ వేగమున బ్యాటు పైకెగిరినను రక్షణ కలదు. నిలిచినచోటనే యుండి ఆనించి యెత్తినవారికి అది లేదు. కావున తీర్పు సరియైనదేనని నియమములను వ్రాయు లండను నగరపు ఎం.సి.సి. వారు తరువాత వివరించిరి. నియమము తెలియనివారికి ఆ చిత్రము మోసమువలె కనబడినది. తెలిసినవారికి న్యాయముగా కనబడినది. కంటికి వెలుగు చాలదు. బుద్ధికి నియమము గూడ కావలెను.

ఆ ప్రపంచకప్పునే మనవారు నవంబరు 2వ తేదీన నవీ ముంబాయియందు గెలిచిరి. ఆ జట్టులో కడపజిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి యుండుట రాయలసీమ స్త్రీలందఱికిని గర్వకారణము.

ఇక లెక్క సంగతి. కన్ను పొరబడకున్నను, లెక్కించు పద్ధతియే అన్యాయమైనచో ఏమి చేయవలెను? 2019వ సంవత్సరము జూలై 14వ తేదీన లార్డ్సు మైదానమున ఇంగ్లండు, న్యూజీలాండు జట్లు చెరి 241 పరుగులు చేసినవి. అదనముగా ఆడిన ఓవరులోను చెరి 15 చేసినవి. అప్పుడు ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టిరో లెక్కించి, 26 కొట్టిన ఇంగ్లండును విజేతగా ప్రకటించిరి. న్యూజీలాండు కొట్టినవి 17. నియమము ముందే వ్రాసియున్నది గనుక మోసము లేదు. అయినను పరుగెత్తి తీసిన పరుగు బౌండరీ కంటె ఎందులో తక్కువయని లోకమంతయు ప్రశ్నించెను. ఆ యేడు అక్టోబరులోనే ఆ నియమమును తొలగించి, ఒకరు గెలుచువఱకు అదనపు ఓవరులు ఆడింపవలెనని మార్చిరి. ఓడినవారికి కప్పు రాలేదు. రాబోవువారికి న్యాయము వచ్చినది.

బ్యాడ్మింటన్ లెక్కలోను స్త్రీలు తెలిసికొనదగిన విశేషమొకటి యున్నది. పూర్వము సర్వీసు చేయువారికే పాయింటు వచ్చెడిది. పురుషులు 15 పాయింట్లకు ఆడగా, స్త్రీల సింగిల్సు 11 పాయింట్లకే ముగిసెడిది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచినది ఆ పాతలెక్కలోనే. 2006లో ఈ పద్ధతిని మార్చి, సర్వీసు ఎవరిదైనను ర్యాలీ గెలిచినవారికే పాయింటనియు, స్త్రీపురుషులకు సమానముగా 21 పాయింట్లనియు ఏర్పరచిరి. స్త్రీలకు ఓపిక తక్కువయను భావన ఆ లెక్కతోనే తుడిచిపెట్టుకొనిపోయెను. 2017లో గ్లాస్గో నగరమున సింధు, జపాను వనిత నొజోమి ఒకుహరాలు 110 నిమిషములు పోరాడిరి. ఆ ఆట చూచినవారెవరును స్త్రీలకు చిన్నలెక్క చాలునని ఇక అనజాలరు. తరువాత 11 పాయింట్ల గేములు ఐదు ఆడింపవలెనని 2018లోను, 2021లోను ప్రతిపాదించిరి గాని, కావలసిన మూడింట రెండువంతుల అంగీకారము దొరకలేదు. లెక్కను మార్చవలెనన్న ఇట్లు ఆటకు ముందు, అందఱి సమ్మతితో మార్చవలెను. ఆట నడుమ కాదు.

రీప్లేకు వ్యతిరేకముగా చెప్పువారి మాటలను త్రోసివేయరాదు. మాటిమాటికి ఆపి చూచుటచేత ఆటలోని ఊపు చెడునందురు. అది నిజమే, అందుకే అడుగుటకు మితి పెట్టిరి. క్రికెట్టులో 15 సెకనులలో అడుగవలెను. ఆ పిమ్మట అడిగిన చెల్లదు. అంపైరు గౌరవము తగ్గునని మఱికొందఱందురు. దీనిని అంగీకరింపజాలము. తన తీర్పును మరల చూచుకొనుటకు వెఱవనివాడే గౌరవపాత్రుడు. తప్పును దిద్దుకొనుటకు దారి యుండియుండిన, జాయిసు మఱునాడు కంటనీరు పెట్టుకొనవలసిన పని యుండెడిది కాదు. రీప్లే ఆటగానికి ఎంత మేలో, అంపైరునకు అంతకంటె మేలు.

మూడవ ఆక్షేపణ మనకు మిక్కిలి దగ్గఱిది. ఇన్ని కెమెరాలు, ఇన్ని యంత్రములు ధనవంతుల పోటీలకేగాని, మండలస్థాయిలో పాఠశాల మైదానమున ఖో-ఖో, కబడ్డీ ఆడు మన ఆడపిల్లల కెక్కడివి? రామసముద్రమునుండి మదనపల్లెకు పోటీకి పోవు బాలికకు తీర్పు చెప్పునది ఒక్క ఉపాధ్యాయుని కన్ను మాత్రమే. ఆమె అన్యాయముగా ఓడినచో క్షమాపణ జాబు గూడ రాదు. పైగా ఆడపిల్లకు ఆట లెందుకను మాట ఇంటిలో సిద్ధముగా నుండును. ఒక్క చెడు తీర్పుతో ఆమె మైదానమునకు శాశ్వతముగా దూరము కావచ్చును. న్యాయము ఎక్కువ కావలసినది అచ్చటనే.

అయినను నిరాశపడ నక్కఱలేదు. రీప్లే యందలి సారము కెమెరా కాదు. తప్పును తదుపరి ఆటకు ముందే దిద్దుకొను ఏర్పాటు. ఇది సొమ్ము లేకయే చేయవచ్చును. ఆట ప్రారంభమునకు ముందు నియమములను ఇరుపక్షముల పిల్లలను కూర్చుండబెట్టి పెద్దగా చదివి వినిపింపవచ్చును. గీతలను సున్నముతో స్పష్టముగా గీయవచ్చును. గీతకు ఇద్దఱు సాక్షులను, ఇరుపక్షములకు చెందనివారిని, నిలుపవచ్చును. లెక్కను ఒకరి చేతిపుస్తకములో గాక, అందఱికి కనబడునట్లు నల్లబల్లమీద వ్రాయవచ్చును. ప్రతిపక్షమునకును ఒక్కసారి, నాయకురాలిద్వారా, మర్యాదగా పునర్విచారణ కోరు హక్కు నీయవచ్చును. అంపైరు సాక్షులను పిలిచి విచారించి, తదుపరి ఆట మొదలగుటకు ముందే కడపటిమాట చెప్పవలెను. ఆ పిమ్మట ఎవరును నోరు మెదపరాదు. అడుగుటకు హక్కున్నప్పుడే ఊరకుండుటకు బాధ్యతయు ఉండును.

తల్లులకు ఒక మనవి. బిడ్డ పోటీలో ఓడి యింటికి వచ్చి, అమ్మా, అది అన్యాయమని చెప్పినప్పుడు, ఓడినవారందఱు అట్లే అందురని కొట్టివేయకుడు. ఉపాధ్యాయులను తిట్టుటకును బయలుదేరకుడు. ఏమి జరిగినది, నియమమేమి, అప్పుడే అడిగితివా యని ఆ మూడు ప్రశ్నలను నెమ్మదిగా అడుగుడు. జరిగినది పొరబాటే యని తేలినచో, రాబోవు పోటీలో అట్టిది జరుగకుండ ఒక నియమము పెట్టుడని పాఠశాలవారిని కోరుడు. మనీలాలో సింధు చేసినది అదియే. ఆమె రాకెట్టును విసరికొట్టి వెడలిపోలేదు. మరల చూడుడని అడిగినది. మిగిలిన ఆటను కడవఱకు ఆడినది. నిష్కారణముగా ఏడ్చుట గాక, కారణము చూపి అడుగుట నేర్చిన బాలిక, పెద్దదైన పిమ్మట మెట్టినింటను, ఉద్యోగమునందును గూడ తన న్యాయమును తాను అడుగనేర్చును. ఆడపిల్లకు ఆట లెందుకని అడుగువారికి ఇంతకంటె వేఱే సమాధానము అక్కఱలేదు.